బుధవారం రాత్రి చేపకూ మీ వంటల పేజీలో చోటివ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ వంటల పేజీలో వచ్చిన చేపల వేపుడు చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. ముక్కలకు నిమ్మరసం, ఉప్పు, కారం పట్టించి నాలుగు గంటలు పక్కన పెట్టమన్నారు. తర్వాత మునిగేంత నూనెలో ఎర్రగా అయ్యేదాకా వేయించమన్నారు. చివర్లో, ఇది సెలవు రోజున తీరిగ్గా చేసుకోవలసిన వంట అన్నారు. ఈ మూడింటి మీదా నాకు అభ్యంతరం ఉంది. మొదటి రెండూ చేపను పాడు చేస్తాయి. మూడోది చేపను మామూలు రోజుల భోజనానికి దూరం చేస్తుంది. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఆ మూడోదే.

ముందు నిమ్మరసం సంగతి చెబుతాను. నిమ్మ పులుపు తగిలితే చేప కండ పొయ్యి ఎక్కకముందే గట్టిపడటం మొదలుపెడుతుంది. పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు చాలు. నాలుగు గంటలు ఉంచితే పైపొర తెల్లబడి పొడిపొడిగా అయిపోతుంది. ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా వండినా ఆ ముక్కకు మెత్తదనం తిరిగి రాదు. నీచు వాసన తగ్గాలంటే పులుపు కావాలన్నది నిజమే. ఆ వాసనకు కారణమైన ట్రైమిథైలమీన్ అనే పదార్థాన్ని పులుపు లొంగదీస్తుంది. మన పెద్దవాళ్లు చేపలో చింతపండు, మామిడికాయ వేయడం వెనక ఉన్న సంగతి ఇదే. కానీ ఆ పనికి నిమిషాలు చాలు, గంటలు అక్కర్లేదు. ముందే పట్టించి ఉంచదగినవి ఉప్పు, పసుపు మాత్రమే.

మాది కావలి. ఉద్యోగం మద్రాసులో, ఒక ఆడిటర్ ఆఫీసులో. కాపురం పెరంబూరులో. మా ఆవిడ నర్సు. ఎక్కువ వారాలు ఆమెకు మధ్యాహ్నం డ్యూటీయే, ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది కావస్తుంది. పాప పదో తరగతి, ట్యూషన్ నుంచి ఎనిమిదింటికి వస్తుంది. అమ్మ మా దగ్గరే ఉంటుంది. కాబట్టి రాత్రి వంట నాది. ఏడున్నరకు నేను చెప్పులు విప్పితే, తొమ్మిదిలోగా నలుగురికీ కంచాల్లో అన్నం పడాలి. ఇలాంటి ఇళ్లు ఈ ఊళ్లో ఎన్నో ఉన్నాయి. మీ పేజీలో మాత్రం వంట చేసేవాళ్లందరినీ అక్కచెల్లెళ్లుగానే పిలుస్తారు. మాలాంటి మగవాళ్లు కూడా ఆ పేజీని కత్తిరించి దాచుకుంటారని మీకు తెలియజేస్తున్నాను.

మా ఇంట్లో నీచు తినేది ఆదివారం, బుధవారం మాత్రమే. సోమవారం శివుడిది, మంగళవారం ఆంజనేయస్వామిది, గురువారం బాబాది, శుక్రవారం అమ్మవారిది, శనివారం వెంకన్నది. చాలా తెలుగు ఇళ్లలో కొద్ది తేడాతో లెక్క ఇదే. అంటే ఆదివారం పోతే చేపకు మిగిలేది బుధవారం ఒక్కటే, అదేమో ఆఫీసు రోజు. చేప అంటే సెలవు రోజు వంట అని మీరు రాస్తే ఆ ఒక్క రోజు కూడా పోయినట్టే. పైగా ఆదివారం మటన్ కావాలని పిల్లలు, కోడి కావాలని చుట్టాలు పట్టుబడతారు. బుధవారం రాత్రి జనం కోడిగుడ్డు అట్టుతో సరిపెట్టుకుంటారు, లేదంటే ఫోన్‌లో బిర్యానీ ఆర్డరు పెడతారు. కాశిమేడు చేపల హార్బరు పెట్టుకున్న ఊళ్లో ఇలా జరగడం నాకు నచ్చదు.

నిజానికి మాంసాహారంలో చేపంత త్వరగా ఉడికేవి తక్కువే. మేక కండలో నారలు పొడుగు, వాటిని పట్టి ఉంచే జిగురు పదార్థం ఎక్కువ, అది కరగడానికి గంట పడుతుంది. చేప ఎప్పుడూ నీళ్లలో తేలుతూ ఉంటుంది కాబట్టి దాని శరీరానికి అంత గట్టి కట్టుబాటు అక్కర్లేదు. నారలు పొట్టి, జిగురు తక్కువ, ఆ ఉన్న కాస్తా తక్కువ వేడికే కరిగిపోతుంది. అందుకే చేప నిమిషాల్లో ఉడుకుతుంది, నిమిషాల్లో చెడుతుంది కూడా. ఎక్కువసేపు వండిన ముక్క మీద తెల్లటి పొక్కుల్లాంటివి తేలడం చూసే ఉంటారు. కండలో ఉన్న ప్రొటీన్ బిగిసి బయటికి వచ్చి గడ్డకట్టిందని దాని అర్థం. అవి కనిపించాయంటే లోపల రసం పోయినట్టే. మునిగే నూనెలో ఎర్రగా అయ్యేదాకా వేయించమంటే జరిగేది అదే.

నేను బుధవారం చేసేది బేక్ చేసిన చేప. ఇందులో గొప్పతనమేమీ లేదు, కావలసిందల్లా ఓటీజీ, అంటే కరెంటు మీద నడిచే చిన్న ఓవెన్ ఒకటి. అది లేకపోతే కన్వెక్షన్, అంటే వేడి గాలితో కాల్చే ఏర్పాటు ఉన్న మైక్రోవేవ్. మా చుట్టుపక్కల ఇళ్లలో చాలామందికి పెళ్లి కానుకగా వచ్చింది ఉంది. దాన్ని పాలు వెచ్చబెట్టుకోవడానికి తప్ప వాడరు. కన్వెక్షన్ బటన్ నొక్కితే అది పూర్తి ఓవెనే.

పొద్దున్నే వీధి మొగలో చేపలమ్మ దగ్గర కొని, అక్కడే శుభ్రం చేయించి, గుప్పెడు ఐస్ అడిగి తీసుకుని ఇంటికి తెస్తాను. కడిగి, నీళ్లు పూర్తిగా వార్చి, ఉప్పు, పసుపు రాసి స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో అన్నిటికంటే చల్లగా ఉండే చోట ఉంచుతాను. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. వంజరం, కానాగంతల లాంటి చేపలను బయటి వేడిలో వదిలేస్తే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. ఒంటిమీద దద్దుర్లు, తలనొప్పి తెప్పించేది అదే. ఒకసారి ఏర్పడితే ఎంత వండినా పోదు. మద్రాసు ఎండలో సంచిలో చేప పెట్టుకుని ఇంకో నాలుగు పనులు చూసుకుని రావడం మంచిది కాదు. మీ వంటల పేజీలో ఎప్పుడో ఒకసారి ఈ మాట రావాలి. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన చేపైతే పొద్దున్నే కింది అరలోకి దించి వెళ్తే సాయంత్రానికి సిద్ధంగా ఉంటుంది. గట్టు మీద పెట్టి కరిగించకూడదు.

సాయంత్రం ఇల్లు చేరగానే మొదటి పని ఓటీజీ స్విచ్ వేయడం. పైరాడ్, కిందిరాడ్ రెండూ, 220 డిగ్రీలు. అది వేడెక్కడానికి పది పన్నెండు నిమిషాలు పడుతుంది. ఈలోగా కాళ్లు కడుక్కుని బియ్యం కడిగి కుక్కర్ పెట్టేస్తాను. చేప ముక్కలను శుభ్రమైన గుడ్డతో అద్ది తడి లేకుండా చేస్తాను. ఈ పని వదిలేయవద్దని నా మనవి. తడి ఉంటే ముక్క ఉడుకుతుంది గానీ కాలదు, మసాలా కూడా జారిపోతుంది.

మసాలాకు నేను మిక్సీ జోలికి పోను. ఎండాకాలంలో అమ్మ పెట్టిన ఆవకాయ ఉంది కదా, జాడీలో ముక్కలు అయిపోయాక అడుగున మిగిలే గుజ్జు, దాని ఊట. అందులో ఆవపిండి, కారం, ఉప్పు, నూనె, మామిడి పులుపు అన్నీ ఉన్నాయి. బెంగాలీలు చేపకు ఆవ పట్టించి ఆవిరి మీద వండుకుంటారు. ఆవకు, చేపకు పొత్తు బాగా కుదురుతుంది. రెండు చెంచాల గుజ్జు అరకిలో ముక్కలకు సరిపోతుంది. ఇక ఉప్పు వేయనక్కర్లేదు, నిమ్మకాయ అసలే వద్దు. పొద్దున రాసిన ఉప్పు కూడా ఆ రోజు సగమే రాయాలి. పాపకు ఆ ఘాటు పడదు కాబట్టి రెండు ముక్కలకు మిరియాల పొడి, నలగ్గొట్టిన వెల్లుల్లి, కొంచెం వెన్న రాస్తాను.

అరటాకు ఈ ఊళ్లో ఏ సందులోనైనా దొరుకుతుంది. సెగ మీద ఒకసారి చూపిస్తే మెత్తబడి మడతపెట్టినా చిరగదు. ట్రేలో ఆకు పరిచి, దాని మీద ఉల్లిపాయ, టమాటా చక్రాలు పల్చగా పేర్చి, కరివేపాకు వేసి, పైన చేప ముక్కలు పెడతాను. ఆకు మూసి కొబ్బరి ఈనె గుచ్చుతాను. టమాటా తప్పనిసరి. తెలుగువాడికి అన్నంలో కలుపుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. టమాటాలోంచి, చేపలోంచి దిగిన రసం ఆకు అడుగున చేరుతుంది. దాన్ని వేడి అన్నంలో కలిపి తిన్నాక బుధవారం పులుసు లేదని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. బంగాళాదుంపలు కూడా పెట్టాలనుకుంటే వాటిని అన్నంతోపాటు కుక్కర్‌లో సగం ఉడికించి పెట్టాలి. పచ్చివి పెడితే దుంప ఉడికేలోగా చేప ఎండిపోతుంది.

ఇక సమయం. మీ పేజీలో నాకు ఎప్పుడూ కనబడనిది ఇదే. "ఉడికేవరకు", "ఎర్రగా అయ్యేవరకు" అని రాస్తారు. మూసిన ఓవెన్‌లో, అందులోనూ ఆకులో చుట్టిన చేపకు ఆ మాటలు పనికిరావు. కెనడా మత్స్యశాఖ వాళ్లు వెనకెప్పుడో చెప్పిన లెక్క ఒకటి ఉంది. చేప బరువును కాదు, మందాన్ని చూడాలి. అన్నిటికన్నా లావుగా ఉన్న చోట ఒక అంగుళం ఉంటే, బాగా వేడెక్కిన ఓవెన్‌లో పది నిమిషాలు. ఆ లెక్క 230 డిగ్రీలకు. మన ఓటీజీల్లో తలుపు తీయగానే వేడి సగం పోతుంది కాబట్టి ఒకటి రెండు నిమిషాలు కలుపుకోవాలి. ఆకులో చుడితే ఇంకో ఐదు. ఈ లెక్కన వేలి మందాన కోసిన వంజరం ముక్కకు ఆకులో పదిహేను నిమిషాలు. గాట్లు పెట్టిన అరకిలో శంకర చేప మొత్తంగా పెడితే ఇరవై. చివరి మూడు నిమిషాలు ఆకు విప్పి పైరాడ్ ఒక్కటే ఉంచితే మీద రంగు వస్తుంది. లావు చోట చెంచా అంచుతో నొక్కినప్పుడు కండ పొరలుగా విడిపోయి, లోపల గాజు మెరుపు పోయి తెల్లగా కనిపిస్తే అయినట్టే. థర్మామీటర్ ఉన్నవాళ్లకు అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే అంకె 63 డిగ్రీలు.

చేప ఓవెన్‌లో ఉన్నంతసేపూ పొయ్యి ఖాళీ. ఒక పక్క మిరియాల చారు కాగుతుంది. పాప ట్యూషన్ నుంచి వచ్చి కాస్త కూర్చుని కబుర్లు చెప్పేదీ అప్పుడే. వేపుడైతే మూకుడు దగ్గర్నుంచి కదలడానికి ఉండదు, ఒక్కో వాయి తీస్తూ, నూనె చిటపటల మధ్య నిలబడాలి. రోజంతా లెక్కల పుస్తకాలతో అలసిపోయి వచ్చిన నాకు ఓవెన్ ఇచ్చే ఆ పావుగంట ఎంతో విలువైనది.

బేకింగ్ అనగానే చుట్టాలు మొదట అడిగేది కరెంటు బిల్లు గురించి. 1500 వాట్ల ఓటీజీ 40 నిమిషాలు ఆగకుండా కాలినా ఒక్క యూనిట్. మధ్యమధ్యలో థర్మోస్టాట్ ఆపుతుంది కాబట్టి నిజానికి అంతకంటే తక్కువే. తమిళనాడులో ఇళ్లకు రెండు నెలల బిల్లులో మొదటి 100 యూనిట్లు ఉచితం కూడా. వేపుడుకు పోసిన నూనె ధర దీనికంటే ఎక్కువ. అయితే ఓటీజీని మామూలు చిన్న ప్లగ్గులో పెట్టకూడదు. ఏసీకి, గీజరుకు వాడే పెద్ద ప్లగ్గు కావాలి. అద్దె ఇళ్లలో అది వంటగదిలో ఉండకపోవచ్చు, మాకూ హాల్లోనే ఉంది.

అద్దె ఇల్లు అన్నాను కాబట్టి ఇంకో మాట. మా పైవాటా ఇంటి ఓనరు వాళ్లు నీచు ముట్టరు. మంచి మనుషులే, మమ్మల్ని ఏనాడూ ఏమీ అనలేదు. కానీ చేప వేయించిన రోజు ఆ వాసన మెట్ల మీదుగా వాళ్ల వాకిట్లోకి పోతుంటే మాకే మనసొప్పేది కాదు. ఆకులో చుట్టి మూసిన ఓవెన్‌లో పెడితే అంత ఉండదు. ఈ ఊళ్లో, బెంగళూరులో అద్దెకుంటున్న మన పిల్లలెందరో ఈ ఒక్క కారణంతో ఇంట్లో చేప వండటం మానేశారు. వాళ్లకిది పనికొస్తుంది.

పులుసును తక్కువ చేస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. నెల్లూరు జిల్లావాడిని. మామిడికాయ వేసిన చేపల పులుసు మట్టిదాకలో గంటలకొద్దీ ఊరితేనే దాని అసలు రుచికి వస్తుందని తెలిసినవాడిని. అందుకే అది శనివారం రాత్రి ఆలోచించి ఆదివారం వండాల్సింది. దాన్ని బుధవారం హడావుడిలో చేస్తే పులుసుకే అన్యాయం. మొదటిసారి ఆకు విప్పినప్పుడు అమ్మ కూడా, "పులుసు లేకుండా అన్నం ఎట్టా తినేదిరా" అంది. అమ్మకు చూపు తగ్గింది, ముల్లు అంటే భయం. పైగా నూనె తగ్గించమని డాక్టరు చెప్పాడు. ముల్లు తీయించిన పండుగప్ప ముక్కలు ఆమె కోసం వేరే ఆకులో పెట్టాను. నిమ్మళంగా, ఎవరి సాయమూ లేకుండా తింది. ఇప్పుడు మంగళవారం రాత్రే, "రేపు ఆకుచేప ఉందా" అని అడుగుతుంది.

పండుగప్పను ఇక్కడ కొడువా అంటారు. బేక్ చేయడానికి ఇంతకంటే మంచి చేప లేదని నా అభిప్రాయం. కండ మందం, ముల్లు తక్కువ, కాస్త కొవ్వు ఉంటుంది కాబట్టి ఒక నిమిషం ఎక్కువైనా ఎండిపోదు. ఇంకో లాభం, దీన్ని చెరువుల్లో పెంచుతారు. 1987లో మొదలైన కేంద్ర ఉప్పునీటి చేపల పెంపకం పరిశోధన సంస్థ, అదే సీబా, ఉన్నది మద్రాసులోనే. హేచరీలో పండుగప్ప పిల్లలను పుట్టించే పద్ధతి మీద వాళ్లు చాలా పని చేశారు. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. ఆ 61 రోజుల్లో వంజరం ధర అందకుండా పోతుంది. అప్పుడు చెరువు పండుగప్ప, మన పశ్చిమ గోదావరి నుంచి వచ్చే బొచ్చె ఆదుకుంటాయి. బొచ్చెకు సన్న ముళ్లు ఎక్కువ, పిల్లలకు పెట్టేటప్పుడు చూసుకోవాలి. మళ్లీ పురట్టాసి నెలలో, అంటే సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా, ఇక్కడ చాలామంది తమిళులు నీచు మానేస్తారు. మనం మానేది కార్తీకంలో. కాబట్టి పురట్టాసిలో కాశిమేడులో మంచి చేప చౌకగా దొరుకుతుంది. ఇలాంటి కబురు తెలుగు పత్రికలో వస్తే ఇక్కడి పాఠకులు ఎంత సంతోషిస్తారో!

మీరు చేయగలిగింది చాలా ఉంది. నెలకు ఒక బుధవారమైనా, ఉద్యోగం నుంచి వచ్చి గంటలోపు చేసుకోగల చేప వంట ఒకటి వేయండి. అందులో ముక్క మందం, ఓవెన్ డిగ్రీలు, నిమిషాలు అంకెల్లో రాయండి. ఓవెన్ లేనివాళ్లకు అదే ఆకు పొట్లాన్ని దళసరి పెనం మీద మూతపెట్టి, సన్నసెగన రెండు వైపులా తిప్పి కాల్చే పద్ధతి కూడా ఇవ్వండి. చేప పేరు పక్కన తమిళంలో, కన్నడంలో ఏమంటారో రాస్తే పొరుగు రాష్ట్రాల్లో ఉన్న మాకు బజారులో తడుముకోనక్కర్లేదు. పోయిన ఆదివారం వేపుడులో నాలుగు గంటల నిమ్మరసాన్ని ఇరవై నిమిషాలకు తగ్గిస్తూ చిన్న సవరణ వేయండి. ఆ కత్తిరింపు ఇప్పటికే ఎన్నో వంటగదుల్లో డబ్బాల మూతలకు అంటించి ఉంటుంది. పురట్టాసి లోపు ఈ బుధవారాల వంటలు మొదలుపెడితే, కావలసిన లెక్కలు, చేపల పేర్లు రాసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
పెరంబూరు, చెన్నై